ఏడో నంబర్

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగ్గా రాయడం టెన్త్ పరీక్ష తర్వాత ఇదే మొదటిసారి. అక్షర దోషాలుంటే క్లబ్బు ఎడిటర్లు దిద్దుతామన్నారు. విషయంలో తప్పులుంటే మాత్రం అవి నావే.

"నాకు నచ్చిన సినిమా" మీద రాయమన్నారు. నేను రాసేది ముప్పై ఏళ్ళ కిందటి అమెరికా డాక్యుమెంటరీ ఒకదాని గురించి. పేరు 'హూప్ డ్రీమ్స్'. 1994లో వచ్చింది. నిడివి మూడు గంటలకు పది నిమిషాలు తక్కువ. పోయిన సెమిస్టర్ ఎగ్జామ్స్ అయిపోయిన రాత్రి హాస్టల్లో ల్యాప్‌టాప్‌లో చూశాను. బాస్కెట్‌బాల్ సినిమా కదా, మ్యాచులుంటాయి, టైంపాస్ అవుతుంది అనుకుని మొదలుపెట్టా. ఒక సీన్ దగ్గర ఆపేసి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. రూమ్మేటు "ఏమైంది రా, లవ్ ఫెయిల్యూరా?" అన్నాడు. కాదు. ఆ సీన్ నాకు ముందే తెలుసు. చికాగోలో కాదు, ప్రొద్దుటూరులో తెలుసు.

అందుకే సినిమా కంటే ముందు మా స్కూలు కోర్టు గురించి చెప్పాలి.

నేను చదివింది ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో. పేరు వద్దు. స్కూలు వెనకాల సిమెంటు కోర్టు ఉండేది. రెండు రింగులు, ఒకదానికి నెట్టు లేదు. మా ఊర్లో ఆట అంటే క్రికెట్టే. బాస్కెట్‌బాల్ ఆడే స్కూళ్ళు తక్కువ. కాబట్టి ఐదుగురు మంచి పిల్లలు దొరికితే కప్పు కొట్టడం పెద్ద కష్టం కాదు. కప్పు వస్తే ఫ్లెక్సీ వేయొచ్చు. ఫ్లెక్సీ ఉంటే జూన్‌లో అడ్మిషన్లు వస్తాయి. మేనేజ్‌మెంట్‌కి ఈ లెక్క బాగా తెలుసు.

2018 జూన్‌లో, మేం ఏడో తరగతిలోకి వచ్చినప్పుడు, వాడొచ్చాడు. జమ్మలమడుగు వాడు. అక్కడ గవర్నమెంటు స్కూల్లో ఆరో తరగతి చదువుతూ ఆటల పోటీల్లో ఖోఖో ఆడుతుంటే మా పీఈటీ సార్ చూశాడంట. పొడుగున్నాడు, చేతులు పెద్దవి, మలుపు తిరిగేటప్పుడు కాలు జారడం లేదు. సార్ వాళ్ళ ఇంటికి పోయి "సీటు ఫ్రీ, హాస్టల్ ఫ్రీ, ఇంగ్లిష్ మీడియం" అని చెప్పాడు. వాళ్ళ నాయన నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల దారిలో బస్సులో పోయినవాళ్ళకి తెలుసు, రోడ్డు పక్కన పొడవునా బండలు నిలబెట్టి ఉంటాయి, చెట్ల ఆకుల మీద కూడా తెల్లగా ఆ దుమ్మే ఉంటుంది. "ఇంగ్లిష్ మీడియం" అనే మాటకి ఆయన మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడంట. కాగితం మాత్రం ఏమీ రాసుకోలేదు.

వానికి ఏడో నంబర్ జెర్సీ ఇచ్చారు. ఈ వ్యాసంలో వాడి పేరు ఏడో నంబరే. ఎందుకో చివర్లో చెప్తాను.

మొదటి వారం బంతిని రెండు చేతుల్తో పట్టుకుని ఖోఖోలో మాదిరి పరిగెత్తేవాడు. అందరం నవ్వాం. దసరా సెలవులు వచ్చేసరికి నవ్వడం ఆగిపోయింది. పొద్దున ఐదున్నరకి హాస్టల్ పిల్లలు లేవకముందే కోర్టులో బంతి చప్పుడు వినపడేదంట. నేను డే స్కాలర్‌ని, ఆ టైంలో నిద్రపోతుంటా.

నేనూ టీంలో ఉండేవాణ్ణి. ఎందుకున్నానో ఇప్పుడు తెలుసు. మా నాయనది బట్టల అంగడి. టర్ము ఫీజు మొదటి వారంలోనే కట్టేవాడు. ఆటల ఫీజు వేరే కట్టేవాడు. నాకు మంచి బూట్లుండేవి. నా ఆట మాత్రం అంతంతే. లేఅప్‌కి పోతే పదిలో మూడు పడేవి. ఒక్కరోజు కూడా ఎవరూ నన్ను "నువ్వు టీంలో ఎందుకున్నావ్?" అని అడగలేదు.

2019లో జిల్లా అండర్-14 ఫైనల్ గెలిచాం. 31–24. అందులో వాడివి 19. నావి 2, ఆ రెండూ వాడిచ్చిన పాసే. వారంలో గాంధీ రోడ్డులో ఫ్లెక్సీ పడింది. మధ్యలో వాడు, చివర్న నేను. మా నాయన దానికి ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. వాళ్ళ నాయన ఆ ఆదివారం జమ్మలమడుగు నుంచి బస్సెక్కి వచ్చి ఫ్లెక్సీ కింద చాలాసేపు నిలబడి చూసిపోయినాడని తర్వాత తెలిసింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. స్కూళ్ళు మూసేశారు. నాకు ఆన్‌లైన్ క్లాసులకి ట్యాబ్ కొన్నారు. వాళ్ళింట్లో ఉన్నది ఒక కీప్యాడ్ ఫోను. తొమ్మిదో తరగతి సగం అలా పోయింది. స్కూలు తెరిచాక వాడు పెట్టె తీసుకుని వస్తే ఆఫీసులో చెప్పారు: "ఆటలు లేవు కదప్పా, ఇంక కన్సెషన్ ఎట్ల ఇస్తారు?" టెన్త్‌లో అయితే ఆటల ఊసే లేదు. వాళ్ళ నాయన కొంత కట్టాడు, కొంత బాకీ పడింది. 2022 జూన్‌లో రిజల్ట్స్ వచ్చాయి. ఇద్దరం పాసయ్యాం. నేను టీసీ తీసుకుని ఇంటర్‌లో చేరడానికి పోయాను. వాడి టీసీ ఆపేశారు. బాకీ 38 వేలు. అది కడితేనే కాగితాలు. 2019 ఫైనల్ సర్టిఫికెట్ కూడా అదే ఫైల్లో ఉంది.

ఇప్పుడు సినిమా.

స్టీవ్ జేమ్స్ డైరెక్టరు. ఫ్రెడరిక్ మార్క్స్, పీటర్ గిల్బర్ట్ ఆయనతో కలిసి పనిచేశారు. మొదట అరగంట షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకున్నారు. తీస్తూ తీస్తూ ఐదేళ్ళు గడిచిపోయాయి, దాదాపు 250 గంటల ఫుటేజ్ జమయింది. చికాగోలో ఇద్దరు నల్లజాతి పిల్లలు, ఆర్థర్ ఏజీ, విలియం గేట్స్. ఇద్దరికీ పద్నాలుగేళ్ళు. ఇద్దరివీ పేద ఇళ్ళు. వీళ్ళ ఆట చూసి సెయింట్ జోసెఫ్ అనే ప్రైవేటు హైస్కూల్లో చేర్చుకుంటారు. అది ఊరి బయట, ఎక్కువగా తెల్లవాళ్ళుండే చోట. పోవడానికి గంటన్నర, రావడానికి గంటన్నర. అక్కడ చదివిన ఐసయ్యా థామస్ అప్పటికే ఎన్‌బీఏ స్టార్. "నువ్వు ఇంకో ఐసయ్యావి" అనే మాట ఆ పిల్లల తలలో పడిపోతుంది.

స్కాలర్‌షిప్ ఇస్తారు, కానీ పూర్తిగా కాదు. మిగతాది ఇంట్లోవాళ్ళు కట్టాలి. విలియం మొదటి సంవత్సరమే పెద్ద టీంలో ఆడతాడు. వానికి మిగతా ఫీజు కట్టడానికి ఒక దాత దొరుకుతుంది. ఆర్థర్ జూనియర్ టీంలోనే ఉంటాడు, అనుకున్నంత పొడుగు పెరగడు. వానికి దాత దొరకదు. ఫీజు పెరుగుతుంది, ఇంట్లో ఉద్యోగాలు పోతాయి, రెండో సంవత్సరం మధ్యలో వాణ్ణి బయటికి పంపేస్తారు. వాడు ఇంటి దగ్గరి మార్షల్ అనే గవర్నమెంటు స్కూల్లో చేరతాడు. తర్వాత, బాకీ తీరేదాకా పాత స్కూలు వాడి మార్కుల రికార్డులు ఇవ్వదు. అమ్మానాయన ఆఫీసులో కూర్చుని, నెలకింత కడతాం అని లెక్క మాట్లాడుకుంటారు. ఎవరూ గట్టిగా అరవరు. మర్యాదగానే మాట్లాడతారు.

నేను ఆపేసింది ఆ సీనే.

మన సీఎస్ఈ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్తాను. పాండాస్‌లో 'డ్రాప్ ఎన్‌ఏ' అని కొడితే ఖాళీలున్న వరుసలన్నీ మాయమవుతాయి. డేటా క్లీన్‌గా కనపడుతుంది. టీసీ కాలం ఖాళీగా ఉన్న పిల్లోడు కూడా అంతే. ఇంటర్ అడ్మిషన్ లిస్టులో లేడు, ఫెయిలైన వాళ్ళ లిస్టులోనూ లేడు. మిగిలిన లిస్టు చూసి మనం "కష్టపడినోళ్ళకి అవకాశం వస్తుంది" అంటాం. వచ్చినవాళ్ళ డేటా మాత్రమే మన దగ్గరుంది కాబట్టి అలా కనిపిస్తుంది.

మన దగ్గర చట్టం లేదా అని వెతికాను. 2009 విద్యాహక్కు చట్టంలో ఐదో సెక్షన్, పిల్లలు బడి మారేటప్పుడు టీసీ వెంటనే ఇవ్వాలంటుంది. కానీ ఆ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళకి, ఎనిమిదో తరగతి దాకా. మావాడిది టెన్త్.

ఇంకో సంగతి. పులివెందుల పక్కనే, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది. టెన్త్ అయిన పల్లెటూరి పిల్లల కోసం 2008లో పెట్టారు, ఆరేళ్ళ కోర్సు. గవర్నమెంటు స్కూల్లో చదివిన పిల్లలకి అడ్మిషన్‌లో కొన్ని మార్కులు కలుపుతారు. మావాడు జమ్మలమడుగు స్కూల్లోనే ఉండి ఉంటే ఆ మార్కులు కలిసేవి. బంతి కోసం ప్రైవేటు స్కూలుకి తీసుకొచ్చినందుకు అవి పోయాయి. బంతి కూడా పోయింది. సీటు వచ్చేదే అని నేననడం లేదు, అప్లికేషన్ వేసే అవకాశమైనా ఉండేది.

సినిమాలో విలియం కథ వేరే దారిలో పోతుంది. మోకాలు దెబ్బతింటుంది, ఆపరేషన్లు అవుతాయి. కాలేజీ టీంలో చేరాలంటే ఏసీటీ పరీక్షలో 18 రావాలి. మళ్ళీ మళ్ళీ రాసి చివరికి 17.5 తెచ్చుకుంటాడు, దాన్ని 18గా లెక్కేస్తారు. మార్కెట్ యూనివర్సిటీ సీటిస్తుంది, ఆడలేకపోయినా నాలుగేళ్ళ స్కాలర్‌షిప్ ఉంటుందని మాటిస్తుంది. ఆర్థర్ వైపు చూస్తే, బయటికి పంపేసిన పిల్లోడే 1991లో మార్షల్ స్కూల్ని రాష్ట్రంలో మూడో స్థానానికి తీసుకుపోతాడు. ఇద్దరిలో ఎవరూ ఎన్‌బీఏ దాకా పోలేదు.

"ఆడలేకపోయినా" అనే మాట దగ్గర నాకు ఒక విషయం వెలిగింది. నేను ఈ వ్యాసం రాస్తున్నది దాని కోసమే.

మా ఇద్దరిలో తేడా ఆటలో లేదు. ఆటలో వాడు నాకంటే ఎంతో పైన. తేడా ఏమిటంటే, బాగా ఆడకపోయినా ఆ స్కూల్లో ఉండే హక్కు నాకుంది, వానికి లేదు. నేను పది లేఅప్‌లలో ఏడు పోగొట్టినా సాయంత్రం ఇంటికి పోయి అన్నం తిని పడుకుంటా. వాడు ఒక మ్యాచ్ పోగొడితే సీటు గురించి ఆలోచిస్తూ పడుకోవాలి. వాడికిచ్చింది ఫ్రీ సీటు కాదు, జీతం. గెలిచినన్ని రోజులు ఇచ్చే జీతం. జీతం అని చెప్పి ఉంటే కనీసం రేటు మాట్లాడుకునేవాళ్ళు. "ఫ్రీ" అన్నారు కాబట్టి వాళ్ళ నాయన దండం పెట్టి వచ్చాడు.

మిగతాది రాయడం కష్టంగా ఉంది, కానీ రాయకపోతే ఈ వ్యాసం సగం అబద్ధం అవుతుంది. అమెరికాలో తోలు రంగు కళ్ళకి కనపడుతుంది. మా దగ్గర అడిగి తెలుసుకుంటారు. టోర్నమెంటుకి పోయేటప్పుడు వ్యాన్‌లో, వేరే స్కూలు సార్లు కూడా, కొత్తోడు కనపడితే "మీరేమిటోళ్ళు రా?" అని అడిగేవాళ్ళు. నన్ను ఎవరూ అడగలేదు. మా ఇంటిపేరు వింటే చాలు. వాణ్ణి మూడేళ్ళలో చాలాసార్లు అడిగారు. వాళ్ళది జమ్మలమడుగులో ఎస్సీ కాలనీ. వాడు చెప్పేవాడు. చెప్పాక వ్యాన్‌లో కొద్దిసేపు మాటలుండేవి కాదు. తర్వాత ఎవరో ఒకరు మ్యాచ్ గురించి ఎత్తుకునేవాళ్ళు.

వాడు మా ఇంటికి నాలుగైదుసార్లు వచ్చాడు. మా అమ్మ మంచిది. వానికి ఎర్రకారం దోశ చేసి పెట్టింది, ఇంకోటి తినమని బలవంతం చేసింది. విస్తరాకులో పెట్టింది. నీళ్ళు పేపర్ గ్లాసులో ఇచ్చింది. నాకు స్టీలు ప్లేటు, స్టీలు గ్లాసు. నేను అప్పుడు గమనించలేదు. నిజం చెప్పాలంటే, గమనించానో లేదో కూడా గుర్తులేదు. కానీ ఆ రాత్రి వరండాలో నిలబడినప్పుడు ఆ పేపర్ గ్లాసు మీదున్న నీలం పువ్వులు కూడా గుర్తొచ్చాయి. అంటే చూసే ఉంటాను.

సినిమాలో ఒకచోట స్పైక్ లీ అనే డైరెక్టర్ బాస్కెట్‌బాల్ క్యాంపుకి వచ్చి పిల్లలతో మాట్లాడతాడు. మీరంటే ఇక్కడ ఎవరికీ ప్రత్యేకంగా ప్రేమ లేదు, మీరు గెలిపిస్తారు కాబట్టి పిలిచారు, టీం గెలిస్తే వాళ్ళకి డబ్బులొస్తాయి అన్న అర్థంలో చెప్తాడు. పిల్లలు నిశ్శబ్దంగా వింటారు. మా ఫ్లెక్సీ గుర్తొచ్చింది.

ఇదంతా విని మీరు అడగొచ్చు: మన జిల్లా నుంచి పైకి వచ్చినవాళ్ళు లేరా? ఉన్నారు. శ్రీచరణిది మన కడప జిల్లానే. వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె. 2024 చివర్లో జరిగిన వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ 55 లక్షలకి తీసుకుంది. 2025 నవంబర్ 2న మన అమ్మాయిలు వరల్డ్ కప్ గెలిచిన టీంలో ఆమె ఉంది. ఆ రాత్రి మా హాస్టల్లో అరిచిన అరుపులకి వార్డెన్ రెండుసార్లు పైకొచ్చాడు. ఆమె కష్టం ఆమెదే, దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఆమె నాయనకి ఆర్‌టీపీపీలో ఉద్యోగం ఉంది. నెల జీతం వచ్చే ఇల్లు. ఒక సీజన్ బాగా ఆడకపోయినా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. నేను చెప్పేది అదే. ప్రతిభ ఉన్నవాళ్ళకి కూడా ఒకటి రెండు సంవత్సరాలు ఓడిపోయే వెసులుబాటు ఉండాలి.

బాస్కెట్‌బాల్‌లో అయితే సత్నాం సింగ్ ఉన్నాడు. పంజాబ్‌లో బల్లో కే అనే పల్లె, రైతు కొడుకు, ఏడడుగుల పైన ఎత్తు. లూధియానా అకాడమీ, అక్కడినుంచి 2010లో ఫ్లోరిడాలో ట్రైనింగ్. 2015లో డాలస్ మావరిక్స్ 52వ పిక్‌గా తీసుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి భారతీయుడు. వాడి మీద 2016లో 'వన్ ఇన్ ఎ బిలియన్' అని డాక్యుమెంటరీ తీశారు. బిలియన్‌లో ఒకడు. టైటిల్‌లోనే లెక్క ఉంది. ఆ ఒకడు కూడా ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు.

కడపలోనే గవర్నమెంటు స్పోర్ట్స్ స్కూల్ ఉంది. ఎత్తు, పరుగు, స్టాండింగ్ జంప్, మెడిసిన్ బాల్ లాంటి టెస్టులు పెట్టి నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. చదువు, తిండి, ఆట అన్నీ అక్కడే. మావాడు ఆ టెస్టులన్నీ నవ్వుతూ పాసయ్యేవాడు. కానీ పిల్లోడికి తొమ్మిదేళ్ళున్నప్పుడే ఇలాంటి స్కూలు ఒకటుందని ఇంట్లో తెలిసి ఉండాలి. వాళ్ళ నాయనకి తెలిసేసరికి వాడికి పదమూడు. మా నాయనకి మాత్రం ఏ స్కూల్లో ఏ నెలలో ఫారాలిస్తారో అంగడికొచ్చే కస్టమర్లే చెప్తారు. డబ్బు కంటే ముందు ఈ కబురు చేరడంలోనే తేడా మొదలవుతుంది.

సినిమా చూశాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. సెలవుల్లో పులివెందుల నుంచి ప్రొద్దుటూరు పోకుండా ముద్దనూరు దగ్గర దిగి జమ్మలమడుగు బస్సెక్కాను. మేం కలిసి నాలుగేళ్ళయింది. ఇన్‌స్టాలో లైకులు మాత్రం కొట్టుకుంటాం. వాడు బస్టాండుకి బండి మీద వచ్చాడు. భుజాలు వెడల్పయ్యాయి. టీసీ చేతికొచ్చాక ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాడు. ఇప్పుడు ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో అప్రెంటిస్.

"ఏంరా, ఇంజనీరూ, దావ తప్పినావా?" అన్నాడు.

"నీకొక సినిమా చూపిద్దామని వచ్చినా."

"సినిమా జూపిచ్చేదానికి ఇంతదూరం వచ్చినావా? లింకు పంపిచ్చింటే సరిపోయేది కదప్పా."

వాళ్ళింట్లో మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని చూశాం. వాళ్ళమ్మ కూడా వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. భాష రాదు కాబట్టి మధ్యమధ్యలో నేను చెప్తున్నాను. రికార్డులు ఆపిన సీన్ వస్తుంటే నాకు గుండె దడదడలాడింది. వాడు ఏమవుతాడో అని వాణ్ణే చూస్తున్నా. వాడు మామూలుగా చూశాడు. "అక్కడ గూడ ఇంతేనా," అన్నాడు, అంతే.

వాళ్ళిద్దరూ ఆగమన్నది వేరే సీన్ దగ్గర. ఆర్థర్ వాళ్ళమ్మ షీలా ఇంట్లో ఎన్నో కష్టాలు పడుతూనే నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు చదువుతుంది. క్లాసులో ఫస్ట్ వస్తుంది. ఆ మాట వినగానే ఏడుస్తుంది. సర్టిఫికెట్లు ఇచ్చే గదిలో జనం కూడా పెద్దగా ఉండరు. ఏడో నంబర్ వాళ్ళమ్మ "ఆయమ్మ ఏం జదివింది నాయనా?" అని అడిగింది. చెప్పాను. "మల్లొకసారి పెట్టు" అంది. రెండుసార్లు చూసింది.

ఆమె లోపలికి పోయాక వాడు చెప్పాడు. టీసీ కోసం 38 వేలు వాడు ఏడాది పాలిష్ మిషన్ మీద పనిచేసి కట్టాడని నేను అనుకునేవాణ్ణి. పనిచేసింది నిజమే. కానీ ముందు మొత్తం డబ్బు కట్టింది వాళ్ళమ్మ. డ్వాక్రా గ్రూపులో లోను తీసుకుని, స్కూలు ఆఫీసుకి ఒక్కతే పోయి, కాగితాలు తీసుకొచ్చింది. వాడి కూలి డబ్బులు ఆ లోను కంతులకి పోయాయి. "నువ్వేమో బాస్కెట్‌బాల్ సినిమా అంటివి. ఇది వాళ్ళమ్మ సినిమా రా," అన్నాడు.

మూడు గంటల సినిమాలో నేను వెతికింది ఏడో నంబర్ని, పన్నెండో నంబర్ని. వాళ్ళమ్మని నేను అస్సలు పట్టించుకోలేదు. ఫ్లెక్సీ కింద నిలబడిన నాయన గురించి నాకు తెలుసు, ఆఫీసులో నిలబడిన అమ్మ గురించి తెలీదు.

తర్వాత వాడొక ప్రశ్న అడిగాడు. "వీళ్ళ బాధలన్నీ ఐదేండ్లు తీసినారు కదా, సినిమాకి డబ్బులు వచ్చింటాయి కదా. వీళ్ళకేమన్నా ఇచ్చినారా?"

ఇచ్చారు అన్నాను. లాభం వచ్చాక ఆ రెండు కుటుంబాలకీ వాటా ఇచ్చారు.

"మంచిదే. మల్ల నువ్వు నా గురించి రాస్తే నాకేమిస్తావ్?"

నేను రాద్దామనుకుంటున్నానని అప్పటిదాకా చెప్పనేలేదు. వాడే కనిపెట్టాడు. కోర్టులో కూడా అంతే, నేను ఎటు కదులుతానో నాకంటే ముందు వాడికే తెలిసేది. "ఏం కావాల?" అన్నాను.

కొంచెంసేపు ఆలోచించాడు. "నా పేరు రాయొద్దు. ఫ్యాక్టరీలో ఎవురన్నా జూస్తే పాపం అంటారు, నాకొద్దు అది. టీసీ సంగతి మాత్రం రాయి. ఇప్పుడు గూడ ఎవురిదో ఒకరిది ఆపే ఉంటారు."

అందుకే రాశాను. మీ స్కూల్లోనూ ఒక ఫ్రీ సీటు పిల్లోడు ఉండే ఉంటాడు. ఆటకి కాకపోతే ర్యాంకుకి. ఆ పేపర్ యాడ్‌లో ఫోటో పడినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారో మనకి తెలుసు. పడనివాళ్ళు ఎక్కడున్నారో ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి. సినిమాలో విలియం చివర్లో ఒక మాట చెప్తాడు. పెద్దవాడివయ్యాక మమ్మల్ని మర్చిపోవద్దు అని అందరూ తనతో అనేవాళ్ళంట. నేను పెద్దవాణ్ణి కాలేకపోతే మీరు నన్ను మర్చిపోవద్దు అని తను వాళ్ళకి చెప్పి ఉండాల్సింది అంటాడు.

బస్సెక్కే ముందు వాణ్ణి దసరాకి మా ఇంటికి రమ్మన్నాను. ప్రొద్దుటూరు దసరా అంటే మీకు తెలుసు కదా, అమ్మవారిశాల దగ్గర ఆ పది రోజులు మనిషి పట్టడు. ఇంటికి పోయాక మా అమ్మకి పేపర్ గ్లాసు సంగతి చెప్పాను. ముందు కోపం వచ్చింది. "నేనెప్పుడు తక్కువ జేసినా వాన్ని? నాలుగు దోశలు బెట్టినా కదా!" అంది. తర్వాత ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. రాత్రి అన్నం పెట్టేటప్పుడు మాత్రం "ఆ పిల్లోడు ఇప్పుడేం జేస్తాండాడు?" అని అడిగింది. చెప్పాను.

వాడు వస్తానని అనలేదు, రానని అనలేదు. "చూద్దాంలే" అన్నాడు. వస్తే నీళ్ళు నేనే తెచ్చిస్తాను, స్టీలు గ్లాసులో.